ధర తగ్గించే ముందు కిల్న్ లెక్క చూడండి: చిన్న టైల్స్, గాజు, రాతి యూనిట్ల పోటీ గురించి

మీ ప్రశ్న సారాంశం ఇది: మీది మధ్యస్థాయి ఫ్లోర్ టైల్స్ యూనిట్. మీ చుట్టుపక్కల రాయి కోసే యూనిట్లు, గాజు ప్రాసెసింగ్ యూనిట్లు కూడా ఉన్నాయి. పెద్ద ఫ్యాక్టరీల సరుకు, దిగుమతి సరుకు మీ తయారీ ఖర్చు కన్నా తక్కువకే మార్కెట్లో దొరుకుతున్నాయి. ధర తగ్గించాలా, కొత్త మెషిన్ కొనాలా, దిగుమతి సుంకం కోసం ప్రయత్నించాలా అని అడిగారు.

ఈ మూడింటిలో ఏదీ మొదటి పని కాదు. మీ గేటు దాటి వెళ్లే ప్రతి మంచి చదరపు మీటరుకు ఎంత గ్యాస్ ఖర్చవుతోందో ముందు తేల్చుకోండి. ‘మంచి’ అంటే ఫస్ట్ క్వాలిటీ సరుకు మాత్రమే, ప్రెస్ (మట్టి పొడిని టైల్‌గా నొక్కే మెషిన్) నుంచి వచ్చినదంతా కాదు. ఆ అంకె తెలియకుండా తీసుకునే నిర్ణయం ఏదైనా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ధర తగ్గింపు సంగతి ముందు తేల్చేద్దాం. అమ్మకపు ధర 100 అనుకోండి. ముడిసరుకు, ఇంధనం, ప్యాకింగ్ లాంటి, సరుకుతో పాటే పెరిగే ఖర్చులు 75 పోతే 25 మిగులుతుంది. జీతాలు, వడ్డీ, మరమ్మతులు ఆ 25లోంచే రావాలి. ధర 10 తగ్గిస్తే మిగులు 15కి పడిపోతుంది. పాత మొత్తమే చేతికి రావాలంటే అమ్మకం 67 శాతం పెరగాలి. కిల్న్, అంటే టైల్స్ కాల్చే కొలిమి, ఇప్పటికే 80 శాతం నిండి నడుస్తుంటే అంత సరుకు తయారుచేయడానికి చోటే లేదు. సగం ఖాళీగా ఉంటే చోటు ఉంటుంది గానీ, మీరు తగ్గించిన వారంలోనే అవతలివాళ్లూ తగ్గిస్తారు. వాళ్లకు ఆ వెసులుబాటు ఎక్కడినుంచి వస్తుందో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఫ్లోట్ గాజునే తీసుకోండి. కరిగిన తగరం మీద గాజును తేలించి పలకగా లాగే ఈ పద్ధతిని పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది. ఇప్పటి ఫ్లోట్ లైన్ ఒక్కటి రోజుకు 500 నుంచి 700 టన్నుల గాజు తీస్తుంది. ఫర్నేస్ ఒకసారి వెలిగిస్తే 15 ఏళ్ల దాకా ఆగకుండా నడుస్తుంది. చల్లారిస్తే లోపలి రిఫ్రాక్టరీ (వేడిని తట్టుకునే) ఇటుకలు పగులుతాయి కాబట్టి ఆపడం పెద్ద నష్టం. గిరాకీ పడిపోయినా గాజు వస్తూనే ఉంటుంది, గోడౌన్ నిండుతుంది, చివరికి దూరపు మార్కెట్లకు వచ్చిన ధరకు వెళ్లిపోతుంది. మీకు కనిపించే ఆ ధర వాళ్ల పూర్తి తయారీ ఖర్చు కాకపోవచ్చు, మిగులు సరుకు వదిలించుకునే ధర కావచ్చు. దాన్ని చూసి ‘వాళ్లు ఇంత చవగ్గా చేయగలుగుతున్నారు’ అనుకుని మీ ధర దించేస్తే, వాళ్ల మిగులు తీరి ధర మళ్లీ పెరిగేసరికి మీ దగ్గర మూలధనం మిగలదు.

టైల్స్ రోలర్ల మీద కదులుతూ కాలే రోలర్ కిల్న్‌ను ఆపడం గాజు ఫర్నేస్ ఆపినంత కష్టం కాదు. 2022లో గ్యాస్ ధరలు ఎగబాకినప్పుడు ఇటలీలోని సస్సువోలో ప్రాంతంలో చాలా టైల్స్ ఫ్యాక్టరీలు కొన్నాళ్లు కిల్న్‌లు ఆపేశాయి. అదే ఏడాది ఫ్రాన్స్‌లో గాజు గ్లాసులు చేసే డ్యూరాలెక్స్ కంపెనీకి ఆ వీలు లేదు. ఫర్నేస్‌ను వేడిగా ఉంచుతూనే ఉత్పత్తి మాత్రం నెలల తరబడి నిలిపింది. ఆ తర్వాత 2024లో అది కోర్టు ఆమోదంతో కార్మికుల సహకార సంస్థగా మారింది. పేరున్న సరుకైనా ఇంధనం లెక్క తప్పితే నిలవడం కష్టమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక మీ కిల్న్. ఇవి లెక్క అర్థం కావడానికి ఇస్తున్న అంకెలు, మీ మీటర్ అంకెలు వేసుకుని మళ్లీ చేయండి. కిల్న్ పూర్తి సామర్థ్యం రోజుకు 3000 చదరపు మీటర్లు. 600×600 మిల్లీమీటర్ల, 9 మిల్లీమీటర్ల మందం టైల్ చదరపు మీటరుకు సుమారు 20 కిలోలు, కాబట్టి రోజుకు 60 టన్నులు. పూర్తి లోడ్‌లో 4000 ఘనపు మీటర్ల గ్యాస్ కాలుతోంది. అదే కిల్న్‌ను టైల్స్ లేకుండా ఖాళీ రోలర్లతో అదే ఉష్ణోగ్రతలో ఉంచితే 1800 కాలుతోంది. అంటే గోడలు, పొగగొట్టం, రోలర్ల చివరల గుండా పోయే వేడికి 1800, టైల్స్ కాలడానికి 2200. టైల్‌కు నిజంగా కావలసింది చదరపు మీటరుకు 0.73 మాత్రమే.

లోడ్ సగానికి పడిపోయి 1500 చదరపు మీటర్లే వెళ్తే గ్యాస్ 1800 ప్లస్ 1100, మొత్తం 2900. చదరపు మీటరుకు 1.93. నిండుగా నడిచినప్పుడు ఇది 1.33. ఇందులో ఫస్ట్ క్వాలిటీ కలపండి. సగం లోడ్‌లో, రోజూ డిజైన్లు మారుస్తూ 82 శాతం ఫస్ట్ వస్తోందంటే మంచి చదరపు మీటరుకు 2.36. నిండుగా, 94 శాతం ఫస్ట్‌తో నడిపే పోటీదారుకు 1.42. తేడా 66 శాతం. ఇద్దరి మెషిన్ ఒకటే, మట్టి ఒకటే, గ్యాస్ రేటూ ఒకటే! కొత్త కిల్న్ కొన్నా మీకు ఈ తేడా పోదు, అది కూడా సగం ఖాళీగానే నడుస్తుంది.

అందుకే సగం లోడ్‌తో నెలంతా నడిపే బదులు, స్టాక్‌కు చోటు, పెట్టుబడి ఉంటే, నెలలో 16 నుంచి 18 రోజులు నిండుగా నడిపి మిగతా రోజులు ఆపే పద్ధతిని లెక్కగట్టి చూడండి. ఆపి మళ్లీ వేడిచేసేటప్పుడు అయ్యే గ్యాస్‌ను, తొలి షిఫ్టుల్లో పడే సెకండ్ క్వాలిటీని తప్పకుండా కలపాలి. చల్లార్చేటప్పుడు, వేడిచేసేటప్పుడు తొందరపడితే రోలర్లు విరుగుతాయి, కిల్న్ లోపలి ఇటుకల అతుకులు విచ్చుకుంటాయి. నెలకు ఒకసారి కన్నా ఎక్కువ ఆపితే ఈ లాభం చాలావరకు కరిగిపోతుంది.

ఈ లెక్కకు కావలసినవి మూడు రీడింగులు. కిల్న్‌కు, స్ప్రే డ్రయర్‌కు (తడి మట్టిని వేడి గాలిలో చిమ్మి పొడి చేసే యంత్రం) గ్యాస్ మీటర్లు విడివిడిగా ఉండాలి, షిఫ్ట్ షిఫ్ట్‌కూ రాయాలి. ఉమ్మడి మీటర్ ఒక్కటే ఉంటే మొదటి ఖర్చు రెండో మీటరే. తర్వాత కిల్న్‌లోకి వెళ్లిన చదరపు మీటర్లు, సార్టింగ్ లైన్ దగ్గర గ్రేడుల వారీగా లెక్క. మూడోది ఖాళీ వినియోగం. సెలవు రోజున ఆరేడు గంటలు రోలర్లు ఖాళీగా తిప్పి, ఉష్ణోగ్రత కుదురుకున్నాక చివరి నాలుగు గంటల రీడింగ్ తీసుకోండి.

పెట్టుబడి దాదాపు లేకుండా గ్యాస్ మిగిలే చోటు స్ప్రే డ్రయర్. ఇక్కడ చాలా యూనిట్లు డబ్బును ఆవిరి చేస్తుంటాయి, అక్షరాలా. స్లిప్‌లో, అంటే నీళ్లతో రుబ్బిన మట్టి ద్రవంలో, నీళ్లు 38 శాతం ఉంటే, 6 శాతం తేమ ఉన్న పొడి రావడానికి ప్రతి కిలో పొడి మట్టికీ 0.55 కిలోల నీళ్లు ఆవిరి కావాలి. నీళ్లు 34 శాతానికి దిగితే 0.45 కిలోలు చాలు. డ్రయర్ చేయాల్సిన పని 18 శాతం తగ్గిపోయింది. దీనికి తక్కువ నీళ్లతోనే స్లిప్‌ను పలచగా ఉంచే డీఫ్లాక్యులెంట్ మోతాదు సరిచేయాలి, అంటే సోడియం సిలికేట్ లేదా సోడియం ట్రైపాలీఫాస్ఫేట్, లేదా రెండూ కలిపి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, పలచబడటం లేదని ఇంకా ఇంకా వేయడం. ఒక హద్దు దాటాక స్లిప్ తిరిగి చిక్కబడుతుంది, నిలవ ఉంచితే గట్టిపడుతుంది, నాజిల్స్ మూసుకుపోతాయి. నీటిలో కాల్షియం, సల్ఫేట్లు ఎక్కువైతే డీఫ్లాక్యులెంట్‌ను అవే తినేస్తాయి. బోరు మార్చిన వారం నుంచి స్లిప్ మాట వినకపోతే ముందు నీళ్లు పరీక్ష చేయించండి, మట్టి సరఫరాదారుతో తగవు తర్వాత.

కిల్న్‌లో చూడాల్సినవి పొగలోని ఆక్సిజన్ శాతం, రోలర్ చివరల సీలింగ్, చల్లార్చే జోన్ వేడి గాలిని బర్నర్లకు గానీ డ్రయర్‌కు గానీ మళ్లించడం. వీటి వివరాలు కిల్న్ తయారీదారు సర్వీస్ ఇంజనీరు ఒక్క రోజులో చెప్పగలడు, ఇక్కడ పొడిగించను.

ఫస్ట్ క్వాలిటీ ఎందుకు పడిపోతుందో మాత్రం చూడాలి, ఎందుకంటే పోటీలో మీకూ పెద్దవాళ్లకూ అసలు దూరం అక్కడే. కొలత తేడాతో మొదలుపెడతాను. టైల్ కాలేటప్పుడు 6 శాతం కుంచించుకుంటుందంటే, 600 మిల్లీమీటర్ల టైల్‌కు ప్రెస్‌లో 638 కావాలి. ఆ కుంచింపు 6 నుంచి 6.3కి మారితే టైల్ దాదాపు 2 మిల్లీమీటర్లు చిన్నదవుతుంది, వేరే క్యాలిబర్‌లోకి (కొలతల తరగతిలోకి) పడుతుంది. కారణం సాధారణంగా పొడి తేమ షిఫ్టుకో రకంగా ఉండటం, లేదా కిల్న్ అడ్డంగా అంచుకూ మధ్యకూ ఉష్ణోగ్రత తేడా. పొడిని సైలోలో కనీసం ఒక రోజు నిలవ ఉంచితే తేమ సర్దుకుంటుంది. అంచులు గ్రైండ్ చేసి కొలత సరిచేయొచ్చు నిజమే, కానీ ఆ ఖర్చు కిల్న్‌లో చేసిన తప్పుకు కట్టే జరిమానా.

బ్లాక్ కోర్ ఇంకో తలనొప్పి. విరిచి చూస్తే లోపల నల్లటి పొర, ఒక్కోసారి పైకి ఉబ్బు. మట్టిలోని సేంద్రియ కార్బన్ పూర్తిగా కాలకముందే పైపొర మూసుకుపోవడమే కారణం. సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల మధ్య వేగం తగ్గించాలి, గాలి పెంచాలి. అప్పటికీ పోకపోతే ప్రెస్ ఒత్తిడి కాస్త తగ్గించాలి, ఎందుకంటే మరీ దట్టంగా నొక్కిన టైల్‌లోంచి వాయువు బయటికి రాలేదు. ఉత్పత్తి పెంచాలని సైకిల్ (టైల్ కిల్న్‌లో గడిపే సమయం) 45 నిమిషాల నుంచి 38కి దించిన మర్నాడే ఇది కనబడుతుంది. చల్లారేటప్పుడు వచ్చే సన్నని పగుళ్లు అయితే 573 డిగ్రీల దగ్గర టైల్‌లోని క్వార్ట్జ్ ఖనిజం పరిమాణం హఠాత్తుగా మారడం వల్ల. ఆ ప్రాంతంలో చల్లగాలి తగ్గించండి.

షేడ్ తేడా విషయంలో నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: మీ యూనిట్‌కు డిజైన్లు మరీ ఎక్కువ. 2000 ప్రాంతంలో స్పెయిన్‌లో మొదలైన ఇంక్‌జెట్ ప్రింటింగ్ వచ్చాక డిజైన్ మార్చడం కంప్యూటర్‌లో ఫైలు మార్చినంత తేలికైంది. అందుకే అందరూ వందల డిజైన్లు పెట్టుకున్నారు. ప్రింటర్ మారినంత తేలిగ్గా కిల్న్ మారదు. ప్రతి మార్పుకూ తొలి కొన్ని వందల చదరపు మీటర్ల షేడ్ స్థిరపడదు, ప్రతి లాట్‌కూ అమ్ముడుపోని కొద్దిపాటి సరుకు మిగిలి గోడౌన్‌లో చేరతాయి. ఏడాదిలో కిల్న్ సగం రోజుకు కూడా చాలని ఆర్డర్లు వచ్చిన డిజైన్లు తీసేయండి.

తర్వాతి ప్రశ్న, ఎవరితో ఎక్కడ పోటీపడాలి. ఇక్కడ బరువు మీ పక్షాన ఉంది. 25 టన్నుల లారీలో టైల్స్ సుమారు 1250 చదరపు మీటర్లు పడతాయి. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు మీటరుకు 54 కిలోలు, కాబట్టి 460 చదరపు మీటర్లే. గాజు మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు, అంటే 6 మిల్లీమీటర్ల పలక 15 కిలోలు. సముద్రం మీద రవాణా చవక, నేల మీద ఖరీదు. రేవుకు దగ్గరున్న ఊళ్లలో దిగుమతి సరుకును ఓడించడం కష్టం, లోపలికి వెళ్లేకొద్దీ మీ బలం పెరుగుతుంది. మ్యాప్ మీద మీ గేటు నుంచీ, దగ్గరి రేవు నుంచీ, పెద్ద ఫ్యాక్టరీ నుంచీ చదరపు మీటరుకు లారీ ఖర్చు రాసుకుంటే మీరు గెలవగల ప్రాంతం స్పష్టంగా కనబడుతుంది. సీసాల తయారీ ఇప్పటికీ ప్రాంతీయంగా నిలబడటానికి కారణం కూడా ఇదే, ఖాళీ సీసాలు పంపడమంటే లారీలో చాలావరకు గాలినే పంపడం.

ఆ ప్రాంతంలోనూ 600×600 మామూలు తెల్ల టైల్ జోలికి పోకండి. చిన్న లాట్లు, పాత భవనాలకు సరిపోయే కొలతలు, మెట్ల అంచు ముక్కలు, ఆరు నెలల తర్వాత అదే షేడ్‌లో మళ్లీ ఇవ్వగలగడం, ఇవీ పెద్దవాళ్లకు చేతకాని పనులు. చేతకాదంటే తెలియక కాదు, వాళ్ల లైన్ ఆపి ఆ పని చేస్తే నష్టం కాబట్టి. అయితే అలాంటి ఆర్డర్‌కు పైన లెక్కగట్టిన మార్పు ఖర్చంతా వేసి ధర చెప్పాలి. మామూలు ధరకే ప్రత్యేక పని చేసిపెట్టి మంచిపేరు తెచ్చుకుని మూతబడిన యూనిట్లు తక్కువేం కాదు. అమ్మేటప్పుడు నీటి శోషణ శాతం రాసివ్వండి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13006 ప్రకారం పొడి పద్ధతిలో నొక్కిన టైల్స్‌లో పోర్సలిన్ తరగతికి ఇది 0.5 శాతం మించకూడదు. చవక సరుకు పేరుకు పోర్సలిన్ అయి, పరీక్షకు నిలవని సందర్భాల్లో కొనుగోలుదారు చేతిలో మీ కాగితం ఉంటే మీరు వాదించే పనే ఉండదు.

మీ పక్కనున్న రాతి యూనిట్ల సంగతి. వాళ్లకు అసలు పోటీ వేరే రాయి కాదు, 1600×3200 మిల్లీమీటర్ల పోర్సలిన్ స్లాబ్, క్వార్ట్జ్ పొడిని రెజిన్‌తో కలిపి చేసే క్వార్ట్జ్ స్లాబ్. మల్టీవైర్ (ఒకేసారి చాలా వైర్లతో బ్లాక్‌ను కోసే మెషిన్) కొనమని అందరూ చెబుతారు. 20 మిల్లీమీటర్ల స్లాబ్‌కు కోతలో 8 మిల్లీమీటర్లు పోతే ఘనపు మీటరు రాయికి లెక్క ప్రకారం 35.7 చదరపు మీటర్లు, 6 మిల్లీమీటర్లే పోతే 38.5. దాదాపు 8 శాతం లాభం, పైగా గ్యాంగ్‌సాలో (వరుస బ్లేడ్ల పాత రంపంలో) రోజులు పట్టే బ్లాక్ గంటల్లో తెగుతుంది. కానీ పాలిషింగ్ లైన్ పాతదే అయితే కోసిన స్లాబులు వరుసకట్టి నిలబడతాయి, వడ్డీ మాత్రం ఆగదు. సన్నని వైర్‌కు టెన్షన్ ఏమాత్రం తేడాగా ఉన్నా స్లాబ్ మందం 19 నుంచి 21.5 దాకా ఊగుతుంది, అప్పుడు క్యాలిబ్రేషన్‌లో (మందం సమం చేయడంలో) మిగిలింది కాస్తా పోతుంది.

దానికన్నా ముందు బ్లాక్ కొనే పద్ధతి మార్చుకుంటే డబ్బు మిగులుతుంది. బ్లాక్‌ను నీళ్లతో పూర్తిగా తడిపి ఆరనివ్వండి. మిగతా ముఖం తెల్లబడ్డాక కూడా ఎక్కడ నల్లని గీత తడిగా నిలిచిందో అక్కడ పగులు ఉన్నట్టు. ఆ గీత బ్లాక్ పొడవునా వెళ్తోందా, మూలలోనే ఆగిందా అన్నదాన్ని బట్టి కోత దిశ, బేరం రెండూ మారతాయి. పగులున్న స్లాబ్‌కు ఇపాక్సీ, వెనక ఫైబర్ మెష్ వేస్తారు. స్లాబ్ పూర్తిగా ఆరకుండా పోస్తే ఇపాక్సీ పాలలా తెల్లబడుతుంది, అతకదు. ఇపాక్సీ పట్టించిన స్లాబ్‌ను ఎండ తగిలే గోడకు అమ్మొద్దు, పసుపెక్కుతుంది.

క్వార్ట్జ్ స్లాబుల మీద ఒక మాట. వాటిలో చాలావాటిలో సిలికా 90 శాతం దాకా ఉంటుంది, కోసేవాళ్లకు సిలికోసిస్ (సిలికా ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) కేసులు పెరగడంతో ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటి తయారీ, సరఫరా, అమరికను నిషేధించింది. సహజ రాయివాళ్లకు ఇది అవకాశమే, కానీ గ్రానైట్‌లోనూ సిలికా ఉంది. ‘మా రాయికి ఆ ప్రమాదం లేదు’ అని ప్రచారం చేయడం అబద్ధం, మీ కార్మికులకు ద్రోహం. పొడి కోత మానేసి నీటితోనే కోయాలి. అమెరికాలో 2016 నాటి నియమం ప్రకారం గాలిలో సిలికా పరిమితి 8 గంటల సగటున ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు.

గాజు వాళ్లు ఫ్లోట్‌తో పోటీపడలేరు, పడాల్సిన అవసరమూ లేదు, అది వాళ్లకు ముడిసరుకు. టఫెన్ చేసిన (వేడిచేసి గట్టిపరిచిన) గాజును మళ్లీ కోయలేం కాబట్టి కొలత తప్పితే కొత్త పలకే. దూరపు ఫ్యాక్టరీ నుంచి అది రావడానికి వారాలు, పక్క యూనిట్ నుంచి రెండు రోజులు. వాళ్లు అమ్మేది ఆ రెండు రోజులనే. సొంతంగా గాజు కరిగించే చిన్న యూనిట్లకు పగిలిన గాజు, అంటే కల్లెట్, పెద్ద దన్ను. బ్యాచ్‌లో (ఫర్నేస్‌లో వేసే ముడిసరుకు మిశ్రమంలో) ప్రతి 10 శాతం కల్లెట్‌కూ ఫర్నేస్ ఇంధనం సుమారు రెండున్నర నుంచి మూడు శాతం తగ్గుతుంది. కాకపోతే ఏరడం శుభ్రంగా ఉండాలి. పింగాణీ ముక్క కరగదు, సీసాలో రాయిలా మిగులుతుంది. అల్యూమినియం మూత పడితే అది సిలికాను సిలికాన్‌గా మార్చి చిన్న గట్టి గుండ్లను మిగులుస్తుంది, అక్కడే సీసా పగులుతుంది.

చివరిగా సుంకం. డంపింగ్ (తమ దేశంలోని ధర కన్నా తక్కువకు ఎగుమతి చేయడం) నిరోధక సుంకం సాధ్యమే. యూరోపియన్ యూనియన్ 2011లో చైనా టైల్స్ మీద, 2023లో ఇండియా, టర్కీ టైల్స్ మీద వేసింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం ఫిర్యాదును బలపరిచేవాళ్లు దేశీయ ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి, అభిప్రాయం చెప్పినవాళ్ల ఉత్పత్తిలో సగానికి మించి వాళ్లదే కావాలి. ఒక్క యూనిట్ వల్ల కాదు, సంఘంగా వెళ్లాలి. విచారణ మామూలుగా ఏడాది, గరిష్ఠంగా 18 నెలలు. సుంకం పడితే ఐదేళ్లు, ఆపైన కొనసాగాలంటే మళ్లీ సమీక్ష. దిగుమతి ధర తక్కువగా ఉందని చూపిస్తే చాలదు. అది ఎగుమతి చేసే దేశంలోని ధర కన్నా తక్కువని, మీకు నష్టం జరిగిందని, ఆ నష్టానికి కారణం ఆ దిగుమతేనని మూడూ నిరూపించాలి. చాలా ఫిర్యాదులకు బలహీనత ఈ మూడోదే. మీ కిల్న్ సగం ఖాళీగా, 82 శాతం ఫస్ట్‌తో నడుస్తుంటే అవతలి న్యాయవాది నష్టానికి కారణం మీ ఫ్యాక్టరీలోనే ఉందని మీ రికార్డులతోనే చూపిస్తాడు.

ఇప్పటికి మూడేళ్ల నెలవారీ ఉత్పత్తి, గ్రేడుల వారీ సరుకు, గ్యాస్, అమ్మకపు ధర, గోడౌన్ నిల్వ ఒక్క షీట్‌లో పెట్టండి. కిల్న్ పొడవు, సైకిల్ సమయం, స్లిప్‌లో నీటి శాతం, ఖాళీ వినియోగం రీడింగ్ ఇక్కడ రాస్తే, ఏయే డిజైన్లు తీసేయాలో, నెలకు ఎన్ని రోజులు నడపాలో లెక్కగట్టి చెప్పడం వీలవుతుంది.